మేడమ్ అడిగిన మేక జున్ను

ఒక ప్లేటు బీట్‌రూట్ కోసం ఒక మేకపిల్ల ప్రాణం పోబోయింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కానీ జరిగింది నా వంటింట్లోనే, నా కళ్ళ ముందే.

నేను వంటవాణ్ణి. ధర్మవరం మెస్సుల్లో మొదలుపెట్టి, హిందూపురం హోటళ్ళలో చాలాకాలం వండి, చివరికి పెనుకొండ దగ్గర హైవే పక్కన ఒక గెస్ట్‌హౌస్‌లో పెద్ద వంటవాడిగా చేసి, ఈమధ్యనే గరిటె కింద పెట్టాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, ఇన్నేళ్ళలో ఏం నేర్చుకున్నావని అడుగుతుంటారు. నన్ను ఎప్పుడు ఏ పోస్టులో వేశారో, ఎవరు శాలువా కప్పారో చెప్పి మీ పొద్దు చెడగొట్టను. ఆ మేకపిల్ల సంగతి చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఆ బీట్‌రూట్ సంగతి చెప్పాలి.

తొక్కతోనే కాల్చిన గడ్డ

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు పరదేశం వాళ్ళ రాకపోకలు పెరిగాయి. వాళ్ళకోసం గెస్ట్‌హౌస్‌లు లేచాయి. మాది అందులో ఒకటి. మామూలుగా సాంబారు, చపాతీ, కోడికూర వండే మాకు కొత్త వంటలు నేర్పడానికి ఓనరు బెంగళూరు నుంచి మాలతి మేడమ్‌ను పిలిపించాడు. నలభై దాటిన మనిషి, కొంచెం ఒళ్ళు. తెలుగు రాదు, కన్నడం మాట్లాడేది. హిందూపురంలో బతికినవాడికి కన్నడం ఇంటిభాష లాంటిదే కాబట్టి మా ఇద్దరికీ మాటకు ఇబ్బంది లేదు.

మొదటిరోజే నాకు దిమ్మ తిరిగింది. ఆమె బీట్‌రూట్లు కడిగింది. తొక్క తీయలేదు, తోక కోయలేదు. కొంచెం నూనె, ఉప్పు రాసి ఒక్కొక్కదాన్నీ అల్యూమినియం కాగితంలో చుట్టి ఓవెన్‌లో పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూరగాయలు తరిగే మేరీ నా పక్కకొచ్చి, ఈమెకు నిజంగా వంట వచ్చా అన్నా అని గొణిగింది. నాకూ అదే అనుమానం. బీట్‌రూట్ అంటే తురిమి తాలింపు పెట్టడం, లేదంటే ముక్కలు చేసి ఉడకబెట్టి ఆ ఎర్రనీళ్ళు పారబోయడం, అంతే నాకు తెలిసింది.

కాగితం విప్పాక ఇంకా ఆశ్చర్యపోయాను. మట్టివాసన లేదు. బెల్లం వండే చోట వచ్చే కమ్మటి వాసన వచ్చింది. గుడ్డతో అట్లా రుద్దితే తొక్క జారిపోయింది. నోట్లో వేసుకుంటే అది నాకు తెలిసిన దుంప కాదు. ఇన్నేళ్ళూ దాని రుచినంతా నేను తొట్టిలో పారబోస్తూ వచ్చాను కదా అని చాలాసేపు దిగాలుగా ఉండిపోయాను.

ఆ గడ్డను పల్చటి బిళ్ళలుగా కోసి, గుండ్రటి రింగుతో అన్నీ ఒకే కొలతకు తెచ్చి, ఒక బిళ్ళ మీద తెల్లటి చీజు, దానిమీద మళ్ళీ బిళ్ళ, మళ్ళీ చీజు, ఇట్లా పేర్చాలి. చీజు మేకపాలతో చేసింది కావాలి, దాని పులుపు గడ్డ తీపికి జోడీ అని మేడమ్ చెప్పింది. పేర్చేముందు బిళ్ళల తడి పూర్తిగా అద్దాలి. మా నాయన ధర్మవరంలో పట్టు నూలుకు రంగులు అద్దేవాడు. నూలు ఆరకముందే తెల్లదాని పక్కన పెడితే ఆయన మా వీపు మీద అద్దేవాడు. అందుకని ఆ ఒక్క పాఠం మాత్రం మేడమ్ నాకు రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. కత్తితో మధ్యకు కోస్తే ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు చారలు చీర అంచులాగా కనబడాలి. పైన మేడమ్ అక్రోట్లు చల్లమంటే నేను వేయించిన సెనక్కాయలు దంచి చల్లాను. ఆమె తిని చూసి, ఇక మీదట ఇదే చల్లమంది.

కేకలు వేసే యజమాని, వేయని యజమాని

హిందూపురంలో నా మొదటి యజమాని ప్లేటు విసిరే రకం. ఉప్పు ఎక్కువైతే ప్లేటు, తక్కువైతే ప్లేటు. ఆయన దగ్గర మేం నేర్చుకున్నది వంట కాదు, తప్పు ఎట్లా దాచాలో. మాడిన అన్నం అడుగున దాచడంలో నన్ను మించినవాడు లేడు అప్పట్లో. మాలతి మేడమ్ అట్లా కాదు. తన చేతిలో ఏదైనా చెడితే అందరికన్నా ముందు ఆమే పిలిచి చూపించేది. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, రెండో రకం దగ్గర జీతం తక్కువైనా చేరండి.

మా మేనేజరు కార్తీక్ మూడో రకం. హిందూపురం కుర్రవాడు, చిన్నప్పటి నుంచీ బెంగళూరు హాస్టళ్ళలో చదివాడు. చురుకైన మనిషి, మంచివాడు. ఏది లేదన్నా ఫోను తీసి, నేను చూస్తాలెండి అనేవాడు, నిజంగానే చూసేవాడు కూడా. ఒక్కటే ఇబ్బంది. ఎదుటివాళ్ళు సరే అంటే చాలు, ఫోను పెట్టేసేవాడు. దేనికి సరే అన్నారో అడిగేవాడు కాదు.

బెంగళూరు నుంచి రాని డబ్బా

ఆరోజు మధ్యాహ్నం మా ఓనరుకు ముఖ్యమైన పరదేశం అతిథులు భోజనానికి వస్తున్నారు. ముందుగా వడ్డించేది ఈ బీట్‌రూట్ పేర్పే. మేకపాల చీజు బెంగళూరు నుంచి ఐస్‌డబ్బాలో రావాలి. ముందురోజు బండి దారిలో చెడి ఎండలో నిలబడిపోయింది. సాయంత్రం డబ్బా మాకు చేరేసరికి లోపలిది పుల్లకంపు కొడుతోంది.

మేడమ్ తల పట్టుకుంది. మామూలు చీజు వాడదామంటే ఒప్పుకోలేదు, మేకదే కావాలంది. నేను ఓవెన్ దగ్గర గడ్డలు తిప్పుతున్నాను. బయట వరండాలో కార్తీక్ ఫోనులో మాట్లాడుతున్నాడు. కొంచెంసేపటికి లోపలికొచ్చి, పని అయిపోయింది, పొద్దున్నే వస్తుంది, మన ఓబులమ్మ తెస్తుంది అన్నాడు. ఓబులమ్మ సోమందేపల్లి అవతల ఒక పల్లె నుంచి మాకు ఆకుకూరలు వేసే ఆమె. ఆమెకు మేకలున్నాయని నాకు తెలుసు. ఆమె చీజు ఎట్లా చేస్తుందబ్బా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఈ కాలంలో పల్లెల్లో కూడా ఏవేవో నేర్పుతున్నారు కదా, నేర్చుకుని ఉంటుంది అనుకున్నాను.

ఆ ఫోనులో కార్తీక్ ఏమన్నాడో తర్వాత అతని నోటనే విన్నాను. మేక జున్ను కావాలి, చాలా అర్జెంటు, మేడమ్‌కు అదే కావాలంట, ఇంకేది ఇచ్చినా వద్దంటోంది అన్నాడంట. ఓబులమ్మ, మేడమ్‌కా, సరే, నేను తెస్తాలే నాయనా అందంట. అతను ఫోను పెట్టేశాడు.

మూత తీస్తే

పొద్దున్నే ఓబులమ్మ ఆటో దిగింది. చేతిలో ఆకుకూరల గంప లేదు. తడిగుడ్డ చుట్టిన ఒక స్టీలు క్యాను ఉంది. నేరుగా వంటింట్లోకి వచ్చి, క్యాను బల్లమీద పెట్టి, ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ మాలతి మేడమ్‌ను పైనుంచి కిందికి ప్రేమగా చూసింది. చూపు పొట్ట దగ్గర ఆగింది.

"ఎన్నో నెల తల్లీ?" అని అడిగింది.

మేడమ్‌కు అర్థం కాలేదు, నవ్వింది. మేరీ చేతిలో కత్తి అట్లాగే ఆగిపోయింది. నాకేమీ తోచక క్యాను మూత తీశాను. లోపల పసుప్పచ్చటి చిక్కటి పాలు. వేలు ముంచితే జిగురుగా అంటుకున్నాయి. ఆ వాసన నాకు తెలుసు. నల్లచెరువు అనే ఊళ్ళో మా అవ్వ ఇంట్లో మేక ఈనిన రోజు వచ్చే వాసన. ఈనగానే పిండే పాలు అవి, జున్నుపాలు.

"ఓబులమ్మా, ఎప్పుడు ఈనింది?" అన్నాను.

"తెల్లారుజామున అన్నా. నిన్న ఫోను చేసేతలికే ఈనేటట్టు ఉండె. ఇంగా వెచ్చగానే ఉండాయి సూడు."

"పిల్లలు తాగినాయా?"

"రెండు ఏసింది. పెద్దదానికి ఒక పక్క ఇడిస్తి. రెండోది లేసి నిలబడల్యా. బతుకుతాదో లేదో అనుకొంటి. కడుపుతో ఉండే తల్లి నోరు తెరిసి అడిగినంక లేదనేదెట్లన్నా? రెండో పక్కవి పిండుకోని వస్తిని."

మా పల్లెల్లో జున్నుపాలు అమ్మరు, పంచుతారు. అందులోనూ మేక జున్ను కావాలని ఎవరూ ఊరికే అడగరు. కడుపుతో ఉన్న ఆడమనిషికి దాని మీదికి మనసు పోతే అడుగుతారు. అడిగితే లేదనకూడదు. ఫోనులో మేడమ్‌కు అదే కావాలంట, ఇంకేదీ వద్దంట అన్న మాటను ఆమె అట్లా అర్థం చేసుకుంది. ఆమె తెలియక చేయలేదు. తన మేకపిల్లను ఒక పక్కన, ఎవరో తెలియని ఆడమనిషి కోరికను ఒక పక్కన పెట్టి చూసి, పిల్లను వదులుకుని వచ్చింది.

కార్తీక్‌ను కేకేశాను. వచ్చాడు. నువ్వు ఏం తెమ్మన్నావని అడిగాను.

"మేక చీజు అన్నా. ఆమెకు చీజు అంటే తెలీదు కదా, జున్ను అని చెప్పినా. బళ్ళో ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో అదే కదా చదువుకొన్నాం."

"మీ ఇంట్లో ఆవు ఈనితే మొదటి పాలతో ఏం చేస్తారప్పా?"

"గిన్ను చేస్తారు," అన్నాడు. అన్నాక అతని మొహం తెల్లబోయింది.

హిందూపురం వైపు కన్నడం కలిసిన ఇళ్ళల్లో దాన్ని గిన్ను అంటారు. కార్తీక్ చిన్నప్పుడు తిన్నది గిన్ను. జున్ను అన్న మాట అతను విన్నది పుస్తకంలోనే, ఆ పుస్తకంలో దాని పక్కన రాసి ఉన్నది చీజు అని. వాళ్ళమ్మ గిన్నెలో పెట్టిందీ, పుస్తకంలో చదివిందీ ఒకటేనని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రవాణ్ణి తిడదామని నోరు తెరిచి, ఏమని తిట్టాలో తెలియక మూసుకున్నాను.

గిన్ను అన్న మాట మేడమ్ చెవిన పడింది. అది వాళ్ళ మాట కూడా. చప్పున క్యాను దగ్గరికొచ్చి చూసింది. పిల్ల తాగిందా అని కన్నడంలో నన్నడిగింది. లేదన్నాను. ఇప్పుడే, ఈ క్షణమే వెనక్కి పంపించు అంది. ఈనిన మొదటి పూట ఆ పాలు కడుపులో పడకపోతే పిల్ల నిలవదని నాకూ, మేడమ్‌కూ, ఓబులమ్మకూ తెలుసు. అప్పటికే పొద్దు ఎక్కుతోంది.

గడ్డల మజ్జలోకి

తీసుకుపొమ్మంటే ఓబులమ్మ క్యాను ముట్టలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కడుపుతో ఉండేదానికని ఇచ్చింది ఎనక్కి మర్లించకూడదన్నా. ఆ యమ్మకు ఏమన్నా అయితే? నా చేత్తో ఆ పని చేపియ్యొద్దు," అంది.

ఎంత చెప్పినా అదే మాట. మేకపిల్ల పోతే పోనీ, ఆ తల్లి కడుపు చల్లగా ఉండనీ అంటుంది. అక్కడ పిల్ల ఒళ్ళు చల్లబడి బిగుసుకుపోతూ ఉంటుంది. నిజం చెప్పడం తప్ప దారి లేదు. కార్తీక్ నేల చూస్తున్నాడు. మేడమ్‌కు తెలుగు రాదు. ఇక నేనే చెప్పాను. కడుపుతో ఎవరూ లేరు ఓబులమ్మా, అతిథులకు వడ్డించడానికి అడిగాం, బీట్‌రూట్ బిళ్ళల నడుమ పెట్టే తెల్లటిది ఒకటుంటుంది, దాని పేరు చెప్పబోయి ఈ పేరు చెప్పాడు అన్నాను. బల్లమీద పేర్చడానికి సిద్ధంగా ఉన్న ఎర్రటి బిళ్ళలు చూపించాను.

ఆమె వాటిని చూసింది. మేడమ్ పొట్ట వైపు ఇంకోసారి చూసింది.

"గడ్డల మజ్జలోకా?" అంది.

అవును, మధ్యలో పెట్టడానికేనన్నాను.

"కడుపుతో ఎవురూ లేరా?"

లేరన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను, పెట్టినా పడాల్సినవాళ్ళమే. ఆమె ఏమీ అనలేదు. క్యానుకు మూత పెట్టి, తడిగుడ్డ మళ్ళీ చుట్టి, గుమ్మం వైపు నడిచింది. నా ఉద్యోగంలో ఎన్నో తిట్లు తిన్నాను, ప్లేట్లు తిన్నాను. ఆ ఊరుకోవడం ముందు అవేవీ లెక్కలోకి రావు.

దొడ్డిలో

పెద్ద భోజనం ముందు పెద్ద వంటవాడు వంటిల్లు వదిలి వెళ్ళకూడదు. మేడమ్ నన్ను వెళ్ళమంది, ఇక్కడిది నేను చూసుకుంటానంది. కార్తీక్ కారు తీశాడు. ఓబులమ్మ క్యాను ఒడిలో పెట్టుకుని వెనక కూర్చుంది. సోమందేపల్లిలో మందుల షాపు దగ్గర ఆపి పాలసీసా కొన్నాం.

మేకపిల్ల దొడ్డిలో గోనెసంచి మీద పడి ఉంది. నల్లటి పిల్ల, చెవులు తెల్లవి. కళ్ళు సగం మూసుకున్నాయి. ఓబులమ్మ దాని నోట్లో వేలు పెట్టి, నోరు చల్లబడిందన్నా, పాలు వెచ్చబెట్టు అంది. అంతదూరం ఒక్క మాట మాట్లాడని మనిషి నాతో మొదట అన్నది అదే.

జున్నుపాలకు వేడి ఎక్కువైతే గడ్డకడతాయి, సీసాలో దిగవు. అవి పోతే వేరే పాలు లేవు, తల్లి పొదుగులో మిగిలినవి పెద్దది తాగేసింది. పొయ్యి మీద నేరుగా పెట్టకుండా, వేడినీళ్ళ గిన్నెలో క్యాను నిలబెట్టి, తిప్పుతూ, మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఎంతమంది పెద్దమనుషులకో వండాను గానీ ఒక్కరి ఆకలికీ నేను అంత భయపడలేదు.

కార్తీక్ ఇస్త్రీ ప్యాంటుతోనే పేడలో చతికిలబడి పిల్ల తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఓబులమ్మ గోనెతో దాని ఒళ్ళు రుద్దుతోంది. మొదట పాలు నోటి పక్కనుంచి కారిపోయాయి. మళ్ళీ పట్టాం, మళ్ళీ కారాయి. నేను ఆశ వదిలేసుకున్నాను, మొహం పక్కకు తిప్పుకున్నాను. అప్పుడు కార్తీక్, అన్నా, మింగింది అన్నాడు. చూస్తే గొంతు కదులుతోంది. కాసేపటికి తోక ఆడింది. కార్తీక్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను అతనికి కనబడకుండా తుడుచుకున్నాను.

గెస్ట్‌హౌస్‌కు తిరిగొచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. మేడమ్ పెరుగును గుడ్డలో కట్టి పిండి, ఉప్పు, మిరియాలు కలిపి బిళ్ళల నడుమ పెట్టి వడ్డించింది. మేరీ ప్లేట్లు కడుగుతోంది. అన్నీ ఖాళీ ప్లేట్లే. చీజు లేదని ఎవరన్నా అడిగారా అన్నాను. ఎవరూ అడగలేదన్నా, లోపల ఏముందో కూడా ఎవరూ అడగలేదు అంది మేరీ. ఏది లేకపోతే భోజనమే పాడవుతుందని మేమంతా హైరానా పడ్డామో, దేనికోసం ఒక ప్రాణి చావబోయిందో, అది లేదని ఒక్కరికీ తెలియలేదు.

పిల్లలూ, మీరు రేపు పెద్ద హోటళ్ళలో చేరతారు. ఇదే కావాలి, ఇంకేదీ వద్దు అని ఎవరికైనా ఫోను చేసేటప్పుడు అవతలివాళ్ళు దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తారో ఒక్క మాట అడగండి. వంట పుస్తకాల్లో ఇది ఉండదు.

రెండో క్యాను

ఆ తర్వాత ఓబులమ్మ ఆకుకూరలు తేవడం మానేసింది. ఫోను చేస్తే తీయలేదు. కార్తీక్ ఒకసారి ఆ పల్లెకు వెళ్ళి వచ్చి, పిల్ల గంతులేస్తాంది అన్నా, ఆమె మాత్రం మాట్లాడల్యా అని చెప్పాడు. నేను మనసులో ఆమెను వదులుకున్నాను.

వానలు పడ్డాక ఒకరోజు పొద్దున ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అదే స్టీలు క్యాను. బల్లమీద పెట్టి, మూత తీయన్నా అంది. నాకు తీయాలంటే భయం వేసింది. ఆమే తీసింది. లోపల తెల్లటి మామూలు మేకపాలు.

"పిల్ల తాగంగా మిగిలిండేవి. ఇప్పుడు పెట్టుకోండి, మీ గడ్డల మజ్జలో," అంది.

మాలతి మేడమ్‌కు కన్నడంలో చెప్పాను. ఆమె ఓబులమ్మ చేయి పట్టుకుంది. తర్వాత ఆ పాలు కాచి, నిమ్మకాయ పిండి విరగ్గొట్టి, గుడ్డలో వేలాడదీసింది. నేను గడ్డలు కాల్చాను. తడి అద్దాను, రింగు పెట్టాను, పేర్చాను, సెనక్కాయల పొడి చల్లాను. నా చేత్తో అంత అందంగా అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు. మొదటి ప్లేటు ఓబులమ్మ ముందు పెట్టాను.

ఆమె వేళ్ళతో ఒక పక్క తుంచి నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. నేను, మేడమ్, మేరీ, కార్తీక్, నలుగురం ఆమె మొహమే చూస్తున్నాం.

"బాగుండాదన్నా," అంది. ఇంకో ముక్క తుంచింది గానీ తినలేదు. ఎరుపు, తెలుపు చారల్ని తిప్పి తిప్పి చూసింది.

"అయినా, ఇంతదానికా?" అంది.